నెత్తురు రాని దేహాలు

వేంపల్లె మీదుగా పాపాఘ్ని ఒడ్డు పట్టుకుని పోతే, కొండలను చీల్చుకుని నది బయటపడే చోటు వస్తుంది. అదే గండి. శ్రావణ శనివారాల్లో అక్కడి వీరాంజనేయస్వామి గుడికి జనం బారులు తీరుతారు. ఆ క్షేత్ర కథ పులివెందులలోనూ జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాముడు బాణపు మొనతో కొండరాతి మీద హనుమంతుడి రూపం గీశాడట. చిటికెన వేలు ఒక్కటి పూర్తి కాకుండా మిగిలిందట. తర్వాత విజయనగర కాలంలో మాధ్వ యతి వ్యాసరాయలు ఆ గీతను శిల్పంగా మలుస్తూ, మిగిలిన వేలిని కూడా తీర్చుదామని ఉలి పెట్టాడట. నెత్తురు కారిందట. ఆయన అంతటితో ఆగిపోయాడు, వేలు అలాగే ఉండిపోయింది.

భక్తులకు అది స్వామి మహిమ. అయితే ఆ కథలో ప్రతి వైద్య విద్యార్థీ తెలుసుకోవలసిన మాట ఒకటి ఉంది. ఉలి పెట్టిన చోట నెత్తురు వస్తే చేయి ఆగాలి. ఎదుట ఉన్నది ప్రాణమున్న ఒళ్లు అని గుర్తించాలి. వైద్యుడి కష్టం ఏమిటంటే, ఆయన ఆగడానికి వీల్లేదు. కోయాలి, కుట్టాలి, గుచ్చాలి, బిడ్డను బయటికి తీయాలి. ఆ పనులన్నీ చేతికి రావాలంటే ఎక్కడో ఒకచోట మొదటిసారి చేసి చూడాలి. ఆ మొదటి కోత ఎవరి ఒంటి మీద? మొదటి పొరపాటు ఎవరి ప్రాణం మీద?

ఈ ప్రశ్నకు వేల ఏళ్లుగా మనుషులు వెతుక్కున్న జవాబే శరీర నమూనాలు. మైనంతో, కంచుతో, కర్రతో, బట్టతో, కాగితం గుజ్జుతో, ప్లాస్టిక్కుతో చేసిన దేహాలు. కోసినా నెత్తురు రాని దేహాలు. వాటి చరిత్ర తెలుసుకుంటే, ఈనాడు మన కడప జిల్లాలో ఆసుపత్రి మంచమెక్కే రోగికి అవి ఎంత మేలు చేశాయో అర్థమవుతుంది.

సొరకాయ మీద మొదటి కోత

మనకు తెలిసిన అతి పాత జవాబుల్లో ఒకటి మన దేశంలోనే దొరుకుతుంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం మొత్తం శిష్యుడి చేతికి పని నేర్పడం గురించే. ఆ అభ్యాసానికి ‘యోగ్య’ అని పేరు. శాస్త్రమంతా చదివినా యోగ్య చేయనివాడు చికిత్సకు పనికిరాడని సుశ్రుతుడు మొహమాటం లేకుండా చెబుతాడు.

ఆ తర్వాత ఏ పని దేని మీద నేర్చుకోవాలో వరసగా పేర్కొంటాడు. కోత నేర్చుకోవడానికి బూడిద గుమ్మడికాయ, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. చీల్చి లోపలి ద్రవం బయటికి తీయడానికి నీళ్లో బురదో నింపిన తోలుతిత్తి, జంతువు మూత్రాశయం. గీకడానికి వెంట్రుకలతో ఉన్న తోలు. నరం పొడవడానికి చచ్చిన పశువు రక్తనాళం, తామరతూడు. గాయం లోతు వెతకడానికి పురుగు తొలిచిన కట్టె, వెదురుబొంగు, ఎండిన సొరకాయ మూతి. లోపల ఇరుక్కున్నదాన్ని లాగడానికి పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు, చచ్చిన పశువు పళ్లు. కుట్టు వేయడానికి ముతకబట్ట, సన్నబట్ట, మెత్తటి తోలు. కట్టు కట్టడానికి అన్ని అవయవాలూ అమర్చిన నిలువెత్తు బొమ్మ. సంహిత ఆ బొమ్మను ‘పుస్తమయ పురుషుడు’ అంటుంది.

ఈ జాబితాను వంటింట్లో నిలబడి చదవండి. సొరకాయ తొక్క గట్టిది, లోపల కండ మెత్తనిది. కత్తి తొక్క దాటిన క్షణం చేతికి ఠక్కున తెలుస్తుంది. అక్కడ ఆపగలిగితే పై పొర మాత్రమే తెగుతుంది, ఆపలేకపోతే గింజల దాకా పోతుంది. తామరతూడు లోపల బోలుగా ఉంటుంది. సూది ఒక గోడ దాటి ఆగాలి, రెండో గోడను పొడవకూడదు. ఈనాడు సెలైన్ సూది పెట్టే నర్సుకు అవసరమైన నేర్పు సరిగ్గా అదే. నమూనా మనిషిలా కనబడక్కర్లేదు, మనిషి ఒళ్లు చేతికి ఎలా తగులుతుందో అలా తగిలితే చాలని సుశ్రుతుడు గ్రహించాడు.

అదే సంహిత శారీరస్థానంలో శవాన్ని పరిశీలించే పద్ధతి కూడా చెప్పింది. దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచాలి. నానిన తర్వాత వట్టివేరు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలు ఒక్కో పొరనూ చూడాలి. కళ్లతో చూసినదీ శాస్త్రంలో చదివినదీ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని సుశ్రుతుడి మాట. నమూనాతో చేతికి పని నేర్పడం, దేహంతో కంటికి నిజం చూపడం రెండూ ఒకే గ్రంథంలో పక్కపక్కనే ఉన్నాయి. తర్వాతి చరిత్రంతా ఈ రెండింటి మధ్య తూకం గురించే.

కంచు మనిషి పెట్టిన పరీక్ష

చైనాలో 1027లో వాంగ్ వెయీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు విగ్రహాలు రెండు పోయించాడు. సూదులతో చేసే ఆక్యుపంక్చర్ చికిత్సలో ఏ బిందువు ఎక్కడుందో ఆ విగ్రహాల మీద సన్నటి రంధ్రాలతో గుర్తించారు. పరీక్షనాడు విగ్రహం పైన మైనం పూసి రంధ్రాలు కనబడకుండా చేసేవారు. లోపల ద్రవం నింపేవారు. విద్యార్థి సూది సరైన చోట దిగితే మైనం చిల్లుపడి ద్రవం కారుతుంది. గురి తప్పితే సూది కంచుకు తగిలి ఆగిపోతుంది. గురువు నోరు విప్పక్కర్లేదు, ఫలితం విగ్రహమే చెబుతుంది.

మన వైద్య కళాశాలల్లో ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు ‘స్పాటర్లు’ అనే పరీక్ష రాస్తారు. బల్లల మీద వరసగా అవయవాలు, ఎముకలు, నమూనాలు పెట్టి ఒక్కోదానికి ఒక పిన్నో బాణం గుర్తో తగిలిస్తారు. గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి. గుర్తు పెట్టిన భాగం పేరు, అది చేసే పని ఆ కాస్త సమయంలోనే రాయాలి. ఇక్కడ గుచ్చే పని లేదు, గుర్తుపట్టే పని ఉంది. అయినా రెండు పరీక్షల లక్ష్యం ఒకటే. పేరు తెలియడం వేరు, చోటు తెలియడం వేరు అని విద్యార్థికి అనుభవంలోకి తేవడం.

శవం ఆగదు, మైనం ఆగుతుంది

ఐరోపాలో చాలాకాలం ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ రాసిందే వేదం. ఆయన కోసి చూసింది ఎక్కువగా కోతులను, పందులను. అందుకే మనిషి కింది దవడ రెండు ఎముకలతో ఏర్పడిందని పుస్తకాల్లో ఉండిపోయింది. 1543లో ఆండ్రియాస్ వెసాలియస్ మనిషి దేహాన్ని తానే కోసి, చూసినదాన్ని బొమ్మలతో అచ్చువేశాడు. దవడ ఒక్కటే ఎముక అని తేలింది. అప్పటి నుంచి ఎవరి కళ్లతో వారు చూడాలన్న పట్టుదల పెరిగింది. దాంతో శవాల కొరత మొదలైంది.

కొరత ఒక్కటే కాదు, కాలం కూడా శత్రువే. ప్రాణం పోయిన కొన్ని గంటల్లోనే కణాల్లోని ఎంజైములు కణాలనే కరిగించడం మొదలుపెడతాయి. పేగుల్లోని సూక్ష్మజీవులు గోడలు దాటి ఒళ్లంతా వ్యాపిస్తాయి. ముందుగా పాడయ్యేవి మెదడు, పేగులు, క్లోమం వంటి మెత్తని భాగాలు. అంటే విద్యార్థి ఎక్కువసేపు చూడవలసినవే ముందు పోతాయి. అందుకే అక్కడ శవపరిచ్ఛేదం చలికాలపు చదువుగా ఉండేది. 1890ల్లో ఫార్మలిన్ వాడకం వచ్చేదాకా ఈ ఇబ్బంది తీరలేదు. చలిదేశంలోనే ఇలా ఉంటే, ఏప్రిల్ రాకముందే ఎండ 40 డిగ్రీలకు చేరే మన సీమలో శవం ఎంతసేపు ఆగుతుందో ఊహించవచ్చు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం దీనికి మైనంతో జవాబు చెప్పింది. 1775లో తెరిచిన లా స్పెకొలా మ్యూజియంలో ఫెలిచె ఫొంతానా పర్యవేక్షణలో, క్లెమెంతె సుసీని చేతుల మీదుగా తయారైన మైనపు దేహాలు ఇప్పటికీ ఉన్నాయి. పని ఇలా సాగేది. ఆసుపత్రి నుంచి వచ్చిన శవాన్ని శరీర నిర్మాణ నిపుణుడు కోసి, కావలసిన అవయవాన్ని శుభ్రంగా బయటపెడతాడు. దాని చుట్టూ ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. తేనెమైనంలో రంగులు, రాళ్లజిగురు కలిపి కరిగించి, అచ్చులోకి పలచటి పొరలుగా పోస్తారు. ఒక్కో పొర ఒక్కో ఛాయ. పైనుంచి వెలుతురు పడితే లోపలి రంగు పైకి కనబడి నిజమైన కండలా తోస్తుంది. సన్నటి రక్తనాళాల కోసం పట్టుదారాలను మైనంలో ముంచి ఒక్కొక్కటే అంటించేవారు. ఈలోగా శవం పాడవుతుంది, మరో శవం తెస్తారు. అలా ఎందరివో దేహాలు కలిస్తే ఒక్క మైనపు మనిషి.

ఆస్ట్రియా పాలకుడు రెండో జోసెఫ్ ఆ బొమ్మలను చూసి తన సైనిక వైద్యుల కోసం 1,192 నమూనాలు చేయించాడు. వాటిని కంచర గాడిదల మీద ఆల్ప్స్ కొండలు దాటించి వియన్నాకు చేర్చారు. 1785లో మొదలైన జోసెఫినుం అకాడమీలో వాటితో పాఠం చెప్పారు. యుద్ధంలో కాలు తెగిన సైనికుడి ముందు నిలబడ్డ వైద్యుడికి, తొడలో ధమని ఎక్కడ ఉందో అంతకుముందే చూసిన అనుభవం ఉండాలన్నది ఆయన ఉద్దేశం.

ఈ కళలో తప్పక తలచుకోవలసిన మనిషి బొలోనియా నగరపు అన్నా మొరాండి. భర్త జొవాన్ని మంజొలీనితో కలిసి మైనపు నమూనాలు చేస్తూ, ఆయన పోయాక పని తానొక్కతే కొనసాగించింది. స్వయంగా శవాలను కోసింది, విద్యార్థులకు పాఠం చెప్పింది. కన్ను, చెవి, చేయి వంటి ఇంద్రియాల నమూనాలకు ఆమె పెట్టింది పేరు. తన ప్రతిమను కూడా ఆమె మైనంతో చేసుకుంది. అందులో ఆమె పరికరం పట్టుకుని మనిషి మెదడును కోస్తూ ఉంది. ఆడవారికి విశ్వవిద్యాలయపు తలుపులు దాదాపు మూసి ఉన్న 18వ శతాబ్దపు మాట ఇది.

కాగితం గుజ్జు మనిషి

మైనపు బొమ్మకు రెండు లోపాలు. ముట్టుకుంటే పాడవుతుంది, ఎండకు మెత్తబడుతుంది. చూడటానికే తప్ప పదే పదే విప్పి మళ్లీ కూర్చడానికి పనికిరాదు. ఈ లోపాలను తీర్చినవాడు ఫ్రాన్సు వైద్యుడు లూయీ ఒజూ. 1820ల్లో ఆయన కాగితం గుజ్జుతో దేహం చేశాడు. మన ఇళ్లలో అవ్వలు పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, గంపలకు మెత్తి ఆరబెట్టేవారు కదా! ఆరిన తర్వాత ఆ గంప ఎంత తేలికో అంత గట్టి. ఒజూ చేసిన పనిలోని సూత్రం అదే. గుజ్జును అచ్చుల్లో గట్టిగా అదిమి ఆరబెట్టి, పైన రంగులు వేసి, కొక్కేలతో ఒకదానికొకటి తగిలించాడు. తీగ చుట్టూ దారం చుట్టి రక్తనాళాలు చేశాడు. ప్రతి ముక్క మీద అంకె ఉంటుంది, ఆ అంకెకు వివరం ఉన్న చీటీ వెంట వస్తుంది.

విద్యార్థి ముందు ఛాతీ కండరం తీస్తాడు, తర్వాత పక్కటెముకలు, ఊపిరితిత్తి, గుండె. గుండెను కూడా తెరిచి నాలుగు గదులూ చూస్తాడు. మళ్లీ అంకెల వరసలో అన్నీ కూర్చుతాడు. కూర్చేటప్పుడు ఒక ముక్క మిగిలిపోతే తన అవగాహనలో లోపం ఎక్కడుందో తనకే తెలుస్తుంది. శవంతో ఈ అవకాశం లేదు. ఒకసారి కోసినది తిరిగి అతకదు.

ఒజూ తన సొంత ఊరైన సాంత్ ఒబాఁ దెక్రొవిల్ అనే నార్మండీ పల్లెలో కార్ఖానా పెట్టి అక్కడి పల్లెవాసులకే పని నేర్పాడు. రైతుల ఇళ్ల నుంచి వచ్చిన ఆడా మగా శరీర నిర్మాణం నేర్చుకుని, నరాల దారులకు రంగులు వేశారు. ఈజిప్టులో క్లో బే నడిపిన వైద్య పాఠశాలతో సహా దేశదేశాలకు ఆ బొమ్మలు వెళ్లాయి. వైద్యవిద్యకు సరుకు తయారుచేయడానికి మహానగరమే కానక్కర్లేదు, నేర్పరి చేతులున్న పల్లె చాలు అని ఆ కార్ఖానా రుజువు చేసింది.

పురుడు నేర్పిన బట్టబొమ్మ

నమూనాలన్నింటిలో ఎక్కువ ప్రాణాలు కాపాడినది ఏది అని నన్నడిగితే, కాన్పు బొమ్మ అంటాను. 1759లో ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ, మదాం ద్యు కూద్రే అనే మంత్రసానికి దేశమంతా తిరిగి పల్లె మంత్రసానులకు శిక్షణ ఇమ్మని ఉత్తరువు ఇచ్చాడు. చదువురాని స్త్రీలకు పుస్తకంతో నేర్పలేనని ఆమెకు తెలుసు. బట్ట, తోలు, దూదితో స్త్రీ నడుము భాగాన్ని, అందులో ఇమిడే బిడ్డబొమ్మను తయారుచేసింది. పట్టీలు బిగిస్తే దారి ఇరుకవుతుంది, వదులు చేస్తే సులువవుతుంది. బిడ్డబొమ్మకు నోరు తెరుచుకుని ఉంటుంది, లోపలికి వేలు పోతుంది. ఎందుకంటే ఎదురుకాళ్లతో వచ్చే బిడ్డ తల బయటికి తీసేటప్పుడు మంత్రసాని నోట్లో వేలు పెట్టి గడ్డాన్ని ఛాతీ వైపు వంచాలి. అలాంటి బొమ్మ ఒకటి రుఆఁ నగర మ్యూజియంలో మిగిలింది. దానికి ఎక్స్‌రే తీస్తే లోపల నిజమైన స్త్రీ కటి ఎముకలు కనబడ్డాయి. పాతికేళ్లు ఊరూరా తిరిగి ఆమె వేల మందికి పురుడు పోయడం నేర్పింది.

ఇప్పుడు మన నర్సింగ్ స్కూళ్లలో, ఏఎన్ఎం శిక్షణ కేంద్రాల్లో ‘పెల్విస్, డమ్మీ’ అనేవి ఆ బట్టబొమ్మ వారసులే. అవి నేర్పే పాఠం కాస్త దగ్గరగా చూద్దాం. తల్లి కటి వలయం పై ద్వారం అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి 11. కింది ద్వారానికి వచ్చేసరికి కొలతలు తారుమారవుతాయి. అడ్డంగా 11, ముందువెనకలుగా 13. బిడ్డ తల గడ్డం వంచుకుని వస్తే దాని కొలత సుమారు 9.5 సెంటీమీటర్లే. తల ఎత్తి వస్తే అది 11.5కు పెరుగుతుంది. అందుకే బిడ్డ అడ్డంగా చూస్తూ లోపలికి దిగి, నడుమ దారిలో మెడ తిప్పుకుని, తల్లి వెన్ను వైపు ముఖం పెట్టి బయటికి వస్తుంది.

పుస్తకంలో ఈ అంకెలు పదిసార్లు చదివినా మనసుకెక్కవు. డమ్మీ తలను చేత్తో పట్టుకుని పెల్విస్‌లోకి నిటారుగా తోస్తే ఇరుక్కుంటుంది. పక్కకు తిప్పితే జారుతుంది. ఆ ఇరుకు, ఆ జారుడు అరచేతికి ఒకసారి తెలిస్తే చాలు. కాన్పు గదిలో కంగారుపడి బిడ్డను లాగకూడదని, తిరిగేదాకా ఆగాలని ఆ అమ్మాయికి ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేదు. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వారు 19వ శతాబ్దం చివర్లో నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లలో తల్లులను తెచ్చిన కాలం నుంచి ఇప్పటిదాకా ఎన్ని తరాల తల్లులు, ఎన్ని తరాల చేతులు! ఆ చేతులు నేర్చుకుని రావడం మీదే రెండు ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మన గడ్డ మీద ఎముకలు, బొమ్మలు

ఆధునిక వైద్యవిద్య మన దేశంలో 1835లో కలకత్తా, మద్రాసు నగరాల్లో వేళ్లూనుకుంది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో పండిత మధుసూదన గుప్తా శవపరిచ్ఛేదం చేసి, శవాన్ని ముట్టుకోరాదన్న కట్టుబాటును దాటాడు. ఆయన ఆయుర్వేద పండితుడు, సుశ్రుతాన్ని చదువుకున్నవాడు. తెలుగు నేల మీద 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు ఉర్దూ మాధ్యమంగా మొదలై, తర్వాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. 1923లో విశాఖపట్నంలో, 1946లో గుంటూరులో కళాశాలలు వచ్చాయి. రాయలసీమ పిల్లలు అంతదాకా మద్రాసో విశాఖో గుంటూరో పోవలసిందే. 1956లో కర్నూలు, 1960లో తిరుపతి, చివరికి 2006లో కడప రిమ్స్ తలుపులు తెరిచాయి.

ఈ కళాశాలల్లో చదివిన ఏ డాక్టరును అడిగినా ముందు చెప్పేది ‘బోన్ సెట్’ గురించే. సీనియర్ల దగ్గర కొనుక్కున్న ఆ ఎముకల పెట్టె హాస్టల్ మంచం కింద ఏడాదంతా ఉంటుంది. ఒక్కో ఎముకను చేతిలో తిప్పుతూ, ఇది కుడిదా ఎడమదా, ఈ గాడిలో ఏ నరం పోతుంది అని రాత్రులు వల్లె వేస్తారు. ఒకప్పుడు ప్రపంచంలోని వైద్య పాఠశాలలకు మనిషి అస్థిపంజరాలు ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే. పేదల శ్మశానాల నుంచి దొంగిలించిన ఎముకలూ అందులో కలిశాయన్న ఆరోపణలు వచ్చాయి. 1985లో ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత విదేశాల్లో ప్లాస్టిక్ అస్థిపంజరాలకు గిరాకీ పెరిగింది. నమూనా ఇక్కడ మరో మేలు చేసింది. చచ్చిపోయిన పేదవాడి గౌరవాన్ని కూడా అది కాపాడింది.

మనిషి ఎముకలు ఇంట్లో పెట్టుకోవడం అప్పట్లో నిషిద్ధమైన జపాన్‌లో ఇదే ఆలోచన చాలా ముందే వచ్చింది. హిరోషిమా వైద్యుడు హొషినో ర్యోయెత్సు 18వ శతాబ్దం చివర్లో ఒక వడ్రంగి చేత నిలువెత్తు కర్ర అస్థిపంజరం చేయించాడు. విరిగిన ఎముకలు సరిచేసే వైద్యుడికి కీలు ఎలా ఇముడుతుందో తెలియాలి కనుక, ప్రతి ఎముకా విడివిడిగా చెక్కించాడు.

బొమ్మల దుకాణం నుంచి గుండె దాకా

20వ శతాబ్దంలో నమూనా చూసే వస్తువు నుంచి బదులిచ్చే వస్తువుగా మారింది. నార్వేలో అస్మున్ లేర్డాల్ పిల్లల బొమ్మలు చేసే వ్యాపారి. మెత్తటి ప్లాస్టిక్‌తో బొమ్మలు చేయడంలో దిట్ట. నోటితో ఊపిరి అందించి, ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి నేర్పడానికి ఒక బొమ్మ కావాలని వైద్యులు ఆయన్ను అడిగారు. 1960లో ‘రెససీ ఆన్’ బొమ్మ వచ్చింది. దాని ఛాతీలో స్ప్రింగు ఉంటుంది. ఈనాటి ప్రమాణం ప్రకారం పెద్దవారి ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. కొత్తవారు భయపడి ఎప్పుడూ తక్కువే నొక్కుతారు. ఆ లోతు ఎంతో చేతులకు తెలియాలంటే నొక్కి చూడాలి. బతికి ఉన్న, గుండె కొట్టుకుంటున్న మనిషి మీద అది చేయరాదు. అక్కడ బొమ్మ తప్ప మరో దారి లేదు.

1977లో జర్మనీలో గుంథర్ ఫాన్ హాగెన్స్ ప్లాస్టినేషన్ కనిపెట్టాడు. దేహంలోని నీటిని చల్లటి అసిటోన్‌తో తొలగించి, శూన్యంలో ఆ అసిటోన్ ఆవిరై పోతుండగా దాని చోటులోకి సిలికాన్‌ను ఎక్కిస్తారు. దాంతో అవయవం పొడిగా, వాసన లేకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. దేహమే నమూనాగా మారిందన్నమాట.

బొమ్మ చెప్పలేని సంగతి

ఇంత చెప్పినా నమూనాకు ఒక హద్దుంది. ఆ హద్దు మీ చేతి మీదే చూసుకోవచ్చు. అరచేయి పైకి పెట్టి, బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి, మణికట్టును కొద్దిగా మీ వైపు వంచండి. మణికట్టు నడిమధ్యలో ఒక తాడు ఉబ్బి పైకి కనబడితే అది పాల్మారిస్ లాంగస్ అనే కండరపు స్నాయువు. కనబడకపోతే కంగారు వద్దు. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం సుమారు 15 శాతం మందికి అది పుట్టుకతోనే ఉండదు, ఈ శాతం జాతిని బట్టి మారుతుంది. అది లేకపోయినా చేయి పనిలో చెప్పుకోదగ్గ లోటు రాదు. అందుకే చేయి తెగినవారికి స్నాయువు అతకవలసి వస్తే సర్జన్లు దీన్నే తీసి వాడతారు.

ప్లాస్టిక్ చేతిలో ఆ స్నాయువు ఎప్పుడూ ఉంటుంది. ఎందుకంటే నమూనా ఒకే మనిషిని, సగటు మనిషిని చూపిస్తుంది. నిజమైన దేహాల్లో అపెండిక్స్ ఒకరికి పేగు వెనక దాక్కుంటుంది, మరొకరికి కిందికి వేలాడుతుంది. రక్తనాళం ఒకరిలో ఒక కొమ్మ, ఇంకొకరిలో రెండు. ఆపరేషన్ బల్ల మీద వైద్యుణ్ణి చిక్కుల్లో పడేసేవి ఈ తేడాలే. వాటిని ముందే చూపగలిగేది ముఖ్యంగా దానం చేసిన దేహమే.

2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక శవాన్ని విద్యార్థి మొదటి గురువుగా గౌరవించాలని ఒక పాఠమే పెట్టింది. డిసెక్షన్ హాల్లో అడుగుపెట్టే ముందు పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు. మూలాలు తెలుగు నేలలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు ఆయన కుటుంబం దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు బోధన కోసం అప్పగించింది. రాజకీయాలు ఎవరివి వారివి. ఆ నిర్ణయం మాత్రం ఏ పార్టీవారైనా, ఏ మతంవారైనా తమ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోదగినది.

మన జిల్లాలో చేయదగ్గవి

ఈ చరిత్ర తెలిసిన తర్వాత ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. మూడు పనులు కోరుతున్నాను.

ఒకటి, మన కళాశాలల్లో, నర్సింగ్ స్కూళ్లలో పాతబడ్డాయని మూలన పడేసిన నమూనాలను, చార్టులను, గాజు సీసాల్లోని అవయవాలను చెత్తలో వేయకుండా శుభ్రం చేసి, ఏ ఏడాదివో రాసి భద్రపరచాలి. ఏడాదికి కొన్ని రోజులైనా బడిపిల్లలకు చూపించాలి. ఊపిరితిత్తి ఎలా ఉంటుందో కళ్లారా చూసిన పిల్లవాడికి బీడీ మానమని నాన్నకు చెప్పే ధైర్యం వస్తుంది.

రెండు, ప్రతి ఉన్నత పాఠశాలకూ ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మ ఒకటి చేరాలి. గుండె ఆగిన మనిషి మెదడుకు నాలుగైదు నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది. 108 బండి ఎంత వేగంగా వచ్చినా ఎర్రగుంట్ల దగ్గరి పల్లెకో చక్రాయపేట తండాకో ఆ లోపు చేరడం కష్టం. అప్పుడు పక్కనున్నవాడి చేతులే దిక్కు.

మూడు, శిక్షణలో ఉన్న డాక్టరు, నర్సు, ఏఎన్ఎం రోగిని తాకే ముందు నమూనా మీద తగినన్నిసార్లు చేసి చూపాలన్న నియమాన్ని కాగితం మీద ఉంచకుండా నిజంగా అమలు చేయాలి. నైపుణ్య ప్రయోగశాల గదికి తాళం వేసి బొమ్మలకు ప్లాస్టిక్ సంచులు తీయకుండా ఉంచితే, ఆ నేర్చుకోవడం పేద రోగి ఒంటి మీద జరుగుతుంది. పెద్దాసుపత్రి బారులో నిలబడేది ఎవరో మనకు తెలుసు. కూలికి పోయే తల్లి, వానకు ఎదురుచూసే రైతు, వాళ్ల బిడ్డలు. డబ్బున్నవారికి చేయి తిరిగిన వైద్యుడు దొరుకుతాడు. వీళ్లకు కూడా అలాంటి చేతులే అందాలి. సొరకాయ మీద తప్పు చేసి నేర్చుకొమ్మని సుశ్రుతుడు చెప్పింది, బట్టబొమ్మను మోసుకుని మదాం ద్యు కూద్రే ఊరూరా తిరిగింది ఆ సమానత్వం కోసమే. తప్పు చేసే హక్కు విద్యార్థికి ఉండాలి. ఆ తప్పుకు బలి కాకుండా ఉండే హక్కు రోగికి ఉండాలి. ఈ రెండు హక్కులూ ఒకే గదిలో నెరవేరాలంటే ఆ గదిలో బొమ్మ ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి.